రోహిణి మణికట్టు

గురునాథరావుకి గ్రీజు మీద ఉన్న నమ్మకం ఇంట్లో దేవుడి పటాల మీద కూడా ఉన్నట్టు కనిపించేది కాదు. భిలాయి ఉక్కు ప్లాంటులో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఫిట్టరు, ఇప్పుడు ప్లేట్ మిల్లులో. ఎర్రగా కాలిన ఉక్కు పలకలు దొర్లుకుంటూ పోయే రోలర్లకి బేరింగులుంటాయి చూశారూ, అవి ఆయన చేతి చలవతోనే తిరిగేవి. ఆ బేరింగులకి పెట్టే నల్లటి గ్రీజే సెక్టర్ 2 క్వార్టర్లో తలుపు బందులకీ, కిటికీ గడియలకీ, పక్కింటివాళ్ళ సైకిలు గొలుసుకీ, చివరికి భార్య నూకమ్మ కుట్టుమిషనుకీ. "డబ్బా అడుగున మిగిలింది తెచ్చాను" అనేవాడు. ఆ అడుగేమిటో పదేళ్ళయినా తేలలేదు. కుట్టిన ప్రతి జాకెట్టుకీ నల్లమరక అంటుతోందని నూకమ్మ మొత్తుకుంటే, "మరక సంగతి కాదే, మిషను చప్పుడు చేస్తందేటి? అది చెప్పు" అని నోరు మూయించేవాడు.

రిసాలి దాటాక ఎత్తైన ఎర్రమట్టి కట్ట ఒకటి, దాని ముందు రేకుల షెడ్డు ఒకటి ఉండేవి. అదే రైఫిల్ క్లబ్బు. దాని సెక్రటరీ దక్షిణామూర్తి ప్లాంటు లెక్కల ఆఫీసులో పనిచేసేవాడు. పిల్లలకి కాల్పులు నేర్పేదీ ఆయనే. రూలు పుస్తకం ఆయనకి కంఠతా వచ్చు. పిస్తోలు పోటీల్లో టార్గెట్ అట్టలు కొన్ని సెకన్లు ఎదురుగా తిరిగి మళ్ళీ పక్కకి తిరిగిపోవాలి. అలా తిప్పే యంత్రం కొనడం క్లబ్బు వల్ల కాకపోతే, పాత బేరింగులూ ఒక చిన్న మోటారూ పెట్టి గురునాథరావే తయారు చేసి ఇచ్చాడు. అప్పటినుంచి క్లబ్బులో ఏ ఇనుప వస్తువుకి జలుబు చేసినా ఆయనకే కబురు.

ఆ యంత్రం బిగించే రోజుల్లో తండ్రి వెంట వచ్చిన రోహిణి పిస్తోలు పట్టుకుని చూసింది. ఇక వదల్లేదు. మూడేళ్ళు గడిచాయి. ఇప్పుడు బీయస్సీ రెండో సంవత్సరం. పొద్దున్నే సైకిలు మీద క్లబ్బుకి, అటునుంచి అటే కాలేజీకి. జనవరిలో ఇండోర్లో మధ్యప్రదేశ్ రాష్ట్ర పోటీలు. ఒక్కో క్లబ్బు నుంచి పిస్తోలుకి ఒక్క అమ్మాయినే పంపుతారు. ఆ ఒక్క పేరూ రోహిణిదేనని తొంభై ఆరు దీపావళి నాటికి క్లబ్బులో అందరికీ తెలుసు.

డిసెంబరు మొదటి వారంలో పిస్తోలు మొరాయించడం మొదలుపెట్టింది.

క్లబ్బుకి ఉన్న సెమీ ఆటోమేటిక్ అదొక్కటే, ఇరవైరెండు బోరుది. దాని పైభాగాన స్లైడ్ అని ఒక ఉక్కు తొడుగు ఉంటుంది. తూటా పేలిన తోపుకి అది వెనక్కి జరిగి, ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరేసి, స్ప్రింగు బలంతో ముందుకొస్తూ కొత్త తూటాని లోపలికి నెట్టాలి. కన్నుమూసి తెరిచేలోగా అయిపోవలసిన పని. ఇప్పుడు స్లైడ్ వెనక్కి వెళ్ళి, ముందుకొస్తూ వేలెడు దూరంలో ఆగిపోతోంది. పోటీలో ఒక దశకి ఒకసారి ఆగితే మళ్ళీ కాల్చనిస్తారు. రెండోసారి ఆగితే మిగిలిన గుళ్ళకి సున్నాలే.

"చేతిలో పట్టు లేదమ్మా," అన్నాడు దక్షిణామూర్తి. "మణికట్టు వదులైతే తోపు సగం నీ చేతిలోనే పోతుంది. స్లైడ్‌కి ఏం మిగులుతుంది?"

ఆ మాటలో అబద్ధం లేదు. సెమీ ఆటోమేటిక్ అలా కూడా ఆగుతుంది. కానీ మూడేళ్ళుగా లేని వదులు ఇప్పుడెక్కడినుంచి వచ్చిందని ఆయన ఆలోచించలేదు. జాబితాలో పేరు మార్చే నిర్ణయం తానొక్కడే చేశాడనిపించుకోవడం ఇష్టంలేక గురునాథరావుకి కబురు పెట్టాడు. ఆయన వారపు సెలవునాడు మధ్యాహ్నం భోంచేసి, తాంబూలం నములుతూ తీరిగ్గా వచ్చాడు. పిస్తోలు ఖాళీగా ఉందని చూసుకుని స్లైడ్‌ని యాభైసార్లు లాగి వదిలాడు. టకటకమని కొట్టుకుంది. ఒక్కసారీ ఆగలేదు.

"మిషన్లో తప్పు లేదండీ మూర్తిగారూ. చెయ్యే," అన్నాడు.

రోహిణి పక్కనే నిలబడి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ ఫిట్టరు, అందులోనూ కన్నతండ్రి, తన పిల్లదే తప్పని చెప్పాక ఇక వాదనేముంది? దక్షిణామూర్తి ఆ సాయంత్రమే జాబితాలో రోహిణి పేరు తీసి ఛాయ పేరు పెట్టాడు. ఛాయ కూడా క్లబ్బులోనే నేర్చుకుంటోంది, కాలేజీలో ఇనుప గుండు విసిరే పిల్ల, గట్టి చెయ్యి. రోహిణిని రిజర్వులో ఉంచారు. రిజర్వంటే బెంచీ మీద కూచుని ఇంకొకరి స్కోరు రాయడమే. పేర్లు ఇండోర్ పంపడానికి ఇంకా పది రోజులే ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రోహిణి, "నాన్నా, పొద్దున్న పూటే..." అని ఏదో మొదలుపెట్టింది.

"పొద్దున్నేటి, సాయంత్రమేటి. చెయ్యి గట్టిగా పట్టాలమ్మా. అంతే," అన్నాడు గురునాథరావు, అన్నంలో చారు పోసుకుంటూ.

మర్నాడు మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ అదే మాట. ఆ తరవాత ఆ పిల్ల ఇంట్లో పిస్తోలు ఊసెత్తలేదు. రబ్బరు బంతి ఒకటి కొనుక్కుని అస్తమానం కుడిచేత్తో నొక్కుతూ ఉండేది. మణికట్టుకి క్రేపు గుడ్డ చుట్టుకుంది. నూకమ్మకి చూడబుద్ధి కాలేదు.

"పిల్ల ఏటో చెప్పబోతంటే వినవేటి నువ్వు?" అంది మొగుణ్ణి.

"మిషను అబద్ధమాడదే. యాభైసార్లు లాగాను నేను," అన్నాడాయన. ఆ యాభై ఆయన బుర్రకి అడ్డంగా నిలబడిపోయింది.

మరో నాలుగు రోజులకి టార్గెట్లు తిప్పే మోటారు మూలుగుతోందని కబురొచ్చింది. ఆ వారం ఆయనది మధ్యాహ్నం షిఫ్టు. అందుకని పొద్దున్న ఏడింటికే, చెవులకి మఫ్లరు చుట్టుకుని స్కూటరు మీద వెళ్ళాడు. చలి కొరుకుతోంది. మట్టికట్ట మీద మంచు ఇంకా విడలేదు. అంతవరకూ సాయంత్రాలే వచ్చే ఛాయ ఆరోజు పొద్దున్నే కాలుస్తోంది. రోహిణి బెంచీ మీద అట్ట ఒళ్ళో పెట్టుకుని రాస్తోంది.

మూడో గుండుకి ఛాయ పిస్తోలు కిందికి దించకుండా, కట్ట వైపే చూపిస్తూ ఎడమచెయ్యి ఎత్తింది. "సర్, రుక్ గయా," అంది, ఆగిపోయిందని.

"ఈ పిల్లకీనా!" అన్నాడు దక్షిణామూర్తి.

గురునాథరావు ఛాయ చేతి వంక చూశాడు. ఆ మణికట్టు తన మణికట్టు కంటే లావుగా ఉంది. కూతురి వంక చూశాడు. రోహిణి తలెత్తలేదు. అట్టమీద టైమూ, ఆగిన గుండు నంబరూ రాసుకుని పెన్ను మూత పెట్టింది.

"ఇలాగివ్వండి," అన్నాడు గురునాథరావు. మోటారు సంగతి మరిచిపోయాడు.

దక్షిణామూర్తి తూటాలుండే మేగజైను తీసి, ఇరుక్కున్న తూటా తీసి, లోపల వేలుపెట్టి చూసి ఖాళీ అన్నాడు. గురునాథరావు తానూ వేలుపెట్టి చూశాడు. ఈసారి స్లైడ్‌ని ఫిట్టరు బలంతో లాగి వదల్లేదు. వెనక్కి లాగి, వేళ్ళతో పట్టుకునే మెల్లగా ముందుకి రానిచ్చాడు. సగం వరకూ వచ్చింది. ఆ తరవాత బద్ధకించింది. వేలెడు దూరంలో ఆగే పోయింది.

"ఏటే, ఏటైంది నీకు?" అన్నాడు దాంతో. మిల్లులో యంత్రాలతో ఆయన అలాగే మాట్లాడతాడు. కొత్త కుర్రాళ్ళు చాటుగా నవ్వుకుంటారు కూడా. "ఎక్కడ పట్టేసింది? నెమ్మదిగా చెప్పు."

రేకుల షెడ్డు పక్క గదిలో, తూర్పు కిటికీ దగ్గర బల్ల మీద హిందీ పేపరు పరిచి కూచున్నాడు. ఒక్కో అనుమానమే తీసుకున్నాడు. తూటాలా? వేరే పెట్టెలోవి కాల్పించి చూశారు. మళ్ళీ ఆగింది. మేగజైనా? రెండోది పెట్టారు. అదే వరస. పిస్తోలు మళ్ళీ ఖాళీ చేయించి, విప్పి, స్ప్రింగు తీసి కొత్త స్ప్రింగు పక్కన నిలబెట్టాడు. నూలుపోగంత తేడా లేదు. ఇక స్ప్రింగు లేకుండా స్లైడ్‌ని దాని గాడిలోకి ఎక్కించి పిస్తోలు ముందుకి వంచాడు. సొంత బరువుకే జారిపోవాలి. జారలేదు. ఇంకాస్త వంచాడు. పాకుతూ వచ్చి ఆగిపోయింది.

"దొరికావు," అన్నాడు. "గాడిలో ఉంది నీ రోగం."

ఆయన అడుగుతున్న తీరు చూసి ఛాయకి నవ్వొచ్చింది. రోహిణి గుమ్మంలో నిలబడి చూస్తోంది. నవ్వలేదు.

గాడి అంచున ఒకచోట గీత మెరుస్తోంది. ఫిట్టరు కంటికి మెరుపు కనబడితే చెయ్యి ఆకురాయి మీదికి పోతుంది. సంచీలోంచి సన్న ఆకురాయి తీశాడు. తీసి ఆగాడు. గీకిన ఉక్కు మళ్ళీ రాదు. అది క్లబ్బు వస్తువు, లైసెన్సు వస్తువు. అదృష్టం బాగుండి దక్షిణామూర్తి ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. ఇద్దరూ బయట నిలబడి చలి గురించీ, ప్లాంటులో ప్రమోషన్ల గురించీ మాట్లాడుకుంటూ తాగారు. అరగంట గడిచింది. పొగమంచు విడి కిటికీలోంచి ఎండ బల్లమీదికి దిగింది.

తిరిగొచ్చి స్లైడ్‌ని గాడిలో పెట్టి వంచాడు. సర్రున జారింది.

గురునాథరావు తెల్లబోయాడు. తాను ఆకురాయి ఆనించనైనా లేదు. ఎవరైనా ముట్టుకున్నారా అంటే లేదన్నారు. మళ్ళీ వంచాడు, మళ్ళీ జారింది. కాసేపు ఆలోచించి, రెండు ముక్కల్నీ పట్టుకెళ్ళి షెడ్డు వెనక నీడలో చల్లటి ఇనుప కమ్మీ మీద పెట్టి పక్కనే గొంతుక్కూచున్నాడు. పావుగంటయ్యాక చూస్తే పట్టేసింది. ఎండలోకి తెచ్చాడు, వదిలింది. చలికి పడుతోంది, వేడికి వదులుతోంది. ఉక్కు అలా చెయ్యదు. అలా చేసేది ఉక్కు మధ్యన ఉన్న ఇంకేదో అయుండాలి.

గాడిలో వేలు పెట్టి రాశాడు. నల్లగా, మందంగా అంటుకుంది. బొటనవేలితో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

ఆ వాసన ఆయనకి తెలియనిదా! ఇంట్లో తలుపు తీస్తే అదే వాసన, నూకమ్మ జాకెట్లలో అదే వాసన.

సెప్టెంబరు పదిహేడు, విశ్వకర్మ పూజ. భిలాయిలో ఆరోజు మిషన్లన్నీ స్నానం చేసి బొట్టు పెట్టుకుంటాయి. మిల్లులో పూజ కాగానే ప్రసాదం పొట్లంతో క్లబ్బుకొచ్చాడు. టార్గెట్ల మోటారు తుడిచాడు, గేటు బందులకి పెట్టాడు, ఊపులో పిస్తోలు కూడా అడిగి తీసుకున్నాడు. గాడిలో పల్చటి నూనె కనిపిస్తే, "నీళ్ళలాగుంది, ఇదేం నూనె" అని విసుక్కుని శుభ్రంగా తుడిచేసి, ఆ చోట నిండా తన గ్రీజు కూరాడు. పైన కుంకుమబొట్టు పెట్టి దణ్ణం కూడా పెట్టుకున్నాడు. నిప్పుల పక్కన మెత్తబడి పనిచేసే సరుకది. సెప్టెంబరు ఉక్కలో బాగానే ఉంది. డిసెంబరు పొద్దున్న చలికి మైనంలా గట్టిపడింది. మూడు నెలల మందు మసి కూడా అందులో కలిసింది. తాను యాభైసార్లు లాగింది నడినెత్తి ఎండలో.

చుట్టూ చూశాడు. ఎవరూ గమనించలేదు. కాస్త కిరసనాయిలు, ఒక పాత పళ్ళబ్రష్షు చాలు, ఎవరికీ తెలియకుండా అయిపోతుంది. పిల్ల తప్పు లేదని కూడా చెప్పొచ్చు. తన పేరు రాకుండా చెప్పొచ్చు.

"మూర్తిగారూ," అన్నాడు లోపలికొస్తూ. "తప్పు పిస్తోలుదేనండీ. గాడిలో చిన్న బర్, ఇనుప ముల్లులాగ, లేచింది. అదే పట్టేస్తంది. నేను సవరిస్తాను."

దక్షిణామూర్తి ముఖం మారిపోయింది. "బర్ లేచిందా? అయితే మీరు ముట్టుకోకండి. లోహం దెబ్బతింటే లైసెన్సున్న మెకానిక్కే చూడాలి. ఇవాళే సీలు వేసి రాయపూర్ పంపుతాను. నెల పడుతుంది."

"మరి ఇండోరో?"

"పిస్తోలే లేకపోతే ఎవర్ని పంపేది? ఈ ఏటికి అమ్మాయిల పేరు లేదని రాసేస్తాను."

ఛాయ ముఖం వాడిపోయింది. రోహిణి చుట్టుకున్న క్రేపు గుడ్డని విప్పి మళ్ళీ చుట్టుకుంటోంది. గురునాథరావు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. తన పరువు దాచుకోబోయి ఇద్దరు పిల్లల నోట్లో మట్టి కొడుతున్నానని అర్థమైంది.

"బర్ లేదండీ," అన్నాడు. "అబద్ధమాడాను. అది గ్రీజు. మిల్లు గ్రీజు. పూజనాడు నేనే పెట్టీసాను. ఉన్న నూనె తుడిచీసి మరీ పెట్టాను. చలికి బిగిసిపోతంది. పిల్ల చేతిలో ఏటీ లేదు. తప్పంతా నాది."

ఛాయకి తెలుగు రాకపోయినా ఏదో పెద్ద విషయమే అయిందని అర్థమై అటూ ఇటూ చూసింది.

"మీ మాట మీద కదండీ నేను పేరు తీసేసింది," అన్నాడు దక్షిణామూర్తి. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అన్నా బాగుండును.

కిరసనాయిలు తెప్పించారు. గురునాథరావు గాడి పొడుగునా బ్రష్షుతో రుద్ది, గుడ్డపీలికలతో తుడిచి, మూలల్లో అగ్గిపుల్ల పెట్టి తీశాడు. బల్ల మీది పేపరు నల్లబడింది. ఆఖర్న పిస్తోలు నూనె రెండంటే రెండు చుక్కలు వేలితో రాశాడు. ముక్కల్ని మళ్ళీ షెడ్డు వెనక చల్లటి కమ్మీ మీద పెట్టి చూశాడు. చల్లబడ్డా జారుతూనే ఉంది.

"రేపు ఆరున్నరకి, ఇంతే చలిలో," అన్నాడు దక్షిణామూర్తి. "ఇద్దరూ ముప్ఫై గుళ్ళు కాలుస్తారు. చెయ్యో మిషనో అప్పుడే తేలుతుంది. ఎవరిది ఎక్కువైతే వాళ్ళ పేరు."

మర్నాడు మంచు ఇంకా ఎక్కువగా ఉంది. గురునాథరావు షెడ్డు వెనక నిలబడ్డాడు. చూసే ధైర్యం లేక చప్పుడు వింటూ లెక్కపెట్టాడు. ఛాయ ముప్ఫై, రోహిణి ముప్ఫై. స్లైడ్ ఒక్కసారీ ఆగలేదు. ఛాయకి రెండువందల యాభై తొమ్మిది, రోహిణికి రెండువందల అరవై ఎనిమిది. ఛాయ వచ్చి రోహిణి భుజం తట్టి, "తేరా హీ థా, యార్," అంది, ఆ చోటు మొదటినుంచీ నీదేనని. దక్షిణామూర్తి జాబితా మళ్ళీ రాశాడు.

స్కూటరు మీద కాలేజీకి దింపడానికి బయలుదేరాడు తండ్రి. రోహిణి సైకిలు క్లబ్బులోనే వదిలి వెనక కూచుంది. రిసాలి దాటారు. ఆయనకి గుండె తేలికపడింది. తప్పు ఒప్పుకున్నాడు, పిల్ల పేరు వచ్చింది, ఇంకేం కావాలి?

"నీ చెయ్యి బంగారమమ్మా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "చలికి పడతందని తెలుసుకోడానికి నాకు ఒక పూట పట్టీసింది. ఎంత తిప్పలు పెట్టిందనుకున్నావు!"

"నాకు తెలుసు నాన్నా."

"ఏటి?"

"చలికి ఆగుతుందని. డిసెంబర్ మూడు నుంచి రాసుకున్నాను. ఎనిమిదిన్నర లోపల పదకొండు సార్లు ఆగింది. ఎండొచ్చాక ఏక్ బార్ భీ నహీ, ఒక్కసారీ లేదు."

గురునాథరావు స్కూటరు పక్కకి తీసి ఆపాడు. "మరి చెప్పలేదేటి?"

"రెండు సార్లు మొదలెట్టాను. చెయ్యే అన్నావు." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. "నిన్న పిస్తోలు పక్కన ఒక పూటంతా కూచున్నావు. ఏటైంది నీకు, ఎక్కడ పట్టేసింది, నెమ్మదిగా చెప్పు అన్నావు. గుమ్మంలో నిలబడి వింటూనే ఉన్నాను. ఆ మాట నన్నొక్కసారి అడిగుంటే మూడు నిమిషాల్లో చెప్పేదాన్ని."

రోడ్డు మీద షిఫ్టు సైకిళ్ళు బారులు తీరి పోతున్నాయి.

"అది కూడా పోనీ నాన్నా," అంది రోహిణి. క్రేపు గుడ్డ విప్పి మడతపెడుతోంది. "పదకొండు సార్లూ టైముతో సహా నేనే రాశాను. నువ్వు చెయ్యే అన్నాక ఆ రాసింది చూస్తే నాకే నమ్మకం కలగలేదు. తప్పు రాశానేమో అనుకున్నాను. సచ్‌మే, నిజంగానే నా చెయ్యే అనుకున్నాను."

గురునాథరావు స్కూటరుకి స్టాండు వేశాడు. కిందికి దిగి కూతురి ఎదురుగా నిలబడ్డాడు. ఆ పిల్ల కళ్ళలోకి అలా తిన్నగా చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు.

"చెప్పమ్మా," అన్నాడు. "మూడో తారీకు నుంచి చెప్పు."

"ఇప్పుడెందుకు? క్లాసుకి లేటవుతుంది."

"అవనీ. చెప్పు."

రోహిణి కాసేపు చేతిలో గుడ్డ మడత వంక చూసింది. తరవాత, "మూడో తారీకు మంగళవారం," అని మొదలుపెట్టింది. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.